చిన్నాయిన అడిగిన బ్రేకు కాయితం

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున రఘునాథపల్లి నుంచి జనగామకు వస్తుంటే మా పాత కారు ఎడమ పక్కకు గుంజడం మొదలుపెట్టింది, సరే రోడ్డు బాగాలేదేమోలెమ్మని సర్దుకుంటూ ఇంటిదాకా తెచ్చి ఆపి దిగేసరికి ముందు చక్రం దగ్గర మాడిన వాసన, చెయ్యి దగ్గరికి తీసుకుపోతే ఇస్త్రీపెట్టె సెగ. అంటే క్యాలిపర్ పట్టేసిందన్నమాట. చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్లెం ఒకటుంటుంది కదా, దాన్ని రెండు పక్కల నుంచి అదిమి పట్టుకునే పిడికిలి లాంటిది ఈ క్యాలిపర్. మనం బ్రేకు మీది నుంచి కాలు తీసినా ఆ పిడికిలి విప్పుకోకపోతే ఇదిగో, ఇట్లాగే కాగిపోతుంది.

షెడ్డు వాళ్లు బండిని రెండు రోజులు వదిలిపెట్టి పొమ్మన్నారు. నాకు అంత ఓపిక లేదు. ముందు చక్రాలు రెండింటికీ కొత్త జత తెప్పించుకొని, ఇంటి ముందరే జాకీ ఎత్తి, కింద మొద్దులు పెట్టి, పాత లుంగీ ఒకటి పరుచుకొని పనిలోకి దిగాను. బిగించడం దాకా ఒక్కడినే చేసుకోవచ్చు గాని, ఆ తర్వాత గొట్టాల్లో చేరిన గాలిని బయటికి తీయాలంటే మాత్రం ఇంకో మనిషి కావాలి. ఒకరు లోపల కూర్చొని బ్రేకు తొక్కి పట్టాలి, ఒకరు కింద చిన్న మూత విప్పి గాలిని వదిలి మళ్లీ బిగించాలి. లోపల కూర్చునే ఆ పని మా ఇంటామెకు పడింది. నేను కింద పడుకొని తొక్కు అంటే తొక్కాలి, పట్టు అంటే పట్టాలి, ఇడువు అంటే వదలాలి. పది సార్లు అయ్యేసరికి పైనుంచి మాట వినబడింది.

"ముప్పై ఏండ్ల సంది తొక్కుమంటె తొక్కుతున్న, పట్టుమంటె పడుతున్న. ఇడువుమన్నప్పుడు ఇడిచిపెట్టి పోలేదు సూడు, గదే నా తప్పు."

జాకీ మీద ఉన్న కారు కింద పడుకున్నవాడు ఎదురు మాట్లాడకూడదని అనుభవం మీద నేర్చుకున్నాను. ఇంకో రెండు సార్లు తొక్కి ఆమె, "ఇగ గట్టిగున్నది" అన్నది, అంటే గాలంతా పోయి బ్రేకు కాలి కింద బిగువుగా నిలుస్తోందన్నమాట. ఆ మాట వినగానే నా చేతిలో పానా ఆగిపోయింది. ఎందుకంటే సరిగ్గా ఆ ఒక్క మాట కోసం నేను ఇరవై మూడేళ్ల వయసులో మానుకోటలో, ఇప్పుడు మీరంతా మహబూబాబాద్ అని రాసే ఊళ్లో, ఇట్లాగే కారు కింద పడుకొని ఎదురుచూశాను. రావాల్సిన వేళకు ఆ మాట రాలేదు. రాకపోయినా వచ్చినట్టే సంతకం పెట్టాను.

ముందే ఒక సంగతి చెప్పాలి. మా వాడకట్టులో నా మాటలో సగం తీసేసి వింటారు. ఆ తీసేసిన సగంలోనే నిజం ఉండిపోయిన సందర్భాలూ లేకపోలేదు. ఇప్పుడు చెప్పేది మాత్రం ఉన్నదున్నట్టే చెబుతున్నాను, తుమ్ముల దగ్గర కొంచెం నోరు జారితే నా ఈడు వాళ్లు పెద్ద మనసుతో సర్దుకోవాలి.

మా నాయిన తమ్ముడు, అంటే మా చిన్నాయిన, డోర్నకల్‌లో గూడ్సు బండి గార్డుగా పనిచేసి పింఛను పుచ్చుకొని మానుకోటలో ఇల్లు కట్టుకున్నాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ బండి చిట్టచివరి డబ్బాలో ఒక్కడే కూర్చొని ప్రయాణం చేసిన మనిషి కాబట్టి మాటలు తక్కువ. అబద్ధం అసలే రాదు. చుట్టాల ఇంటికి పోయినప్పుడు తిని వచ్చినవా అంటే, తినకపోతే తినలేదనే చెప్పి అందరినీ ఇరకాటంలో పెట్టేవాడు. రైలు కదలకముందు డబ్బాల బ్రేకులు చూసిన పనివాడు అవి సరిగ్గా పడుతున్నాయని కాయితం రాసివ్వాలట, డ్రైవరూ గార్డూ దాని మీద సంతకాలు పెట్టాలట, ఆ తర్వాతే పచ్చజెండా. ఆ అలవాటును ఆయన డోర్నకల్‌లో వదిలిపెట్టి రాలేదు. ఇంటి కప్పుకు సిమెంటు వేసిన మేస్త్రీతో ఇక కురవదని రాయించుకున్నాడు. కురిసింది. మేస్త్రీని పిలిచి ఆ కాయితం చూపించాడు, పాపం అతను ఊరికే మళ్లీ వేసిపోయాడు.

చిన్నమ్మ బట్టలు కుట్టేది. పొద్దున లేస్తే ఆమె కాళ్లు కుట్టుమిషను పెడల్ మీదే ఉండేవి. మిషనులో ఎక్కడ నూనె తక్కువైందో, ఎక్కడ దారం చిక్కుపడిందో కళ్లతో చూడకుండా అరికాలితో చెప్పేది.

చిన్నాయిన ఒక పాత తెల్లకారు కొన్నాడు. అప్పటికి నేను జనగామలో ఒక షెడ్డులో ఎనిమిది నెలలు పనిచేసి మానుకున్నాను. అక్కడ నేను చేసిందల్లా చక్రాలకు గాలి పట్టడం, బండ్లు కడగడం. మానుకోటకు వచ్చి చెప్పుకున్నది మాత్రం వేరు. భూపాలపల్లి బొగ్గు గనుల్లో డంపర్లకు బ్రేకులు వేశానని, ఆ చక్రం నాకంటే రెండింతల ఎత్తని, ఒక్కొక్క నట్టు విప్పడానికి నలుగురు మనుషులు పానా మీద ఎక్కి ఎగిరేవారని, వాళ్లను ఎగరమని లెక్క చెప్పేది నేనేనని ఆ వాడంతా చాటాను. చిన్నాయిన కాలు మీద కాలు వేసుకొని అంతా విన్నాడు, నట్లు ఎన్ని అని మాత్రం అప్పుడప్పుడు అడిగేవాడు.

వాళ్ల బిడ్డ, నాకు అక్క, భూపాలపల్లిలోనే ఉండేది. బావ గనిలో పనివాడు. పెళ్లయిన ఐదో ఏడు కాబట్టి అక్కకు ఒడిబియ్యం పోయాలి. మన దిక్కు సంగతి మీకు తెలియనిది కాదు. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, కొత్త చీర మూట కట్టుకొని పుట్టింటివాళ్లు బిడ్డ ఒడి నింపితే, ఆ బిడ్డకు పుట్టిల్లు ఇంకా ఉందని అత్తవారింట్లో అందరికీ తెలుస్తుంది. మూడో ఏడు బస్సులో మూట నెత్తిన పెట్టుకొని నిలబడి పోయారు. ఈసారి సొంత కారులో పోవాలని చిన్నాయిన ఆశ. నాతో అన్నాడు, ముందు బ్రేకులు రెండూ మార్చు, మమ్మల్ని భూపాలపల్లి తీసుకుపోయి తీసుకురా, పోయిరావడం సాఫీగా జరిగితే ఆ తర్వాత కారు నువ్వే కిరాయికి నడుపుకో అని. నాకు అప్పటికి చేతిలో ఏ పనీ లేదు. ఆ కారు ఒక్కటే దారి.

"గంత పెద్ద డంపర్ల బ్రేకులు ఏసినోనివి, గిదెంతరా నీకు?" అన్నాడు.

"చిటికెల పని చిన్నాయినా" అన్నాను.

ఒడిబియ్యం పోసే రోజు తెల్లవారగానే మొదలుపెట్టాను. కొత్త క్యాలిపర్లు రెండు అట్టడబ్బాల్లో వచ్చాయి. చిన్నమ్మకు అట్టడబ్బా కనబడితే చెయ్యి ఆగదు. రెండింటినీ చాప మీద బోర్లించి డబ్బాలు లోపలికి పట్టుకుపోయింది. షెడ్డులో పెద్ద మేస్త్రీ ఎట్లా చేసేవాడో దూరం నుంచి చూసిన గుర్తుతో నట్లు విప్పి, పాతవి తీసి, కొత్తవి బిగించి, గొట్టాలు తగిలించాను. అన్నీ సరిగ్గా కూర్చున్నాయి. నిజం చెప్పాలంటే అంత సులువుగా కూర్చున్నందుకు నాకే ఆశ్చర్యం వేసింది, భూపాలపల్లిలో నేను నిజంగానే పనిచేశానేమో అని ఒక్క క్షణం అనుమానం కూడా వచ్చింది.

గాలి తీయడానికి చిన్నమ్మను కూర్చోబెట్టాను. ఆమె కొంగు నడుముకు దోపుకొని, చెప్పులు విడిచి, కళ్లు మూసుకొని తొక్కింది. నేను చిన్న గొట్టం ఒకటి పెట్టి సీసాలోకి వదిలితే బ్రేకు నూనె వచ్చింది గాని బుడగ ఒక్కటీ రాలేదు. బుడగలు లేవంటే గాలి లేదన్నమాటే కదా అని సంబరపడ్డాను.

"మెత్తగున్నదిరా" అన్నది చిన్నమ్మ.

"కొత్తవి గదనే చిన్నమ్మా. కొత్త చెప్పులోలె. పది మైళ్లు పోతె అవే గట్టిపడ్తయి."

"చెప్పులు మెత్తవడ్తయి గని గట్టివడ్తయారా? నా మిషను దీనికన్న గట్టిగుంటది. అడుగుదాక పోతున్నది కాలు."

ఆమె మాటకు గట్టిగా నవ్వాను. అటు రాహుకాలం ముంచుకొస్తోంది, ఆలోగా బయలుదేరాలి. చిన్నాయిన చొక్కా తొడుక్కొని, జేబులో నుంచి గీతల కాయితం తీసి బానెట్టు మీద పరిచాడు. ముందు చక్రాల బ్రేకులు రెండూ సరిగ్గా పడుతున్నవి అని తన గుండ్రటి అక్షరాలతో రాశాడు, కింద డ్రైవరు అని ఒక చోటు, గార్డు అని ఒక చోటు. కలం నా చేతికిచ్చి, "బాగ సూసినవారా?" అన్నాడు.

నోటితో అబద్ధం చెప్పడం నాకు మంచినీళ్లు తాగినంత తేలిక. కలంతో చెప్పడం మాత్రం అలవాటు లేదు. కాలు అడుగుదాకా పోతోందని చిన్నమ్మ చెప్పింది, ఎందుకు పోతోందో నాకు తెలియదు. తెలియదని చెబితే డంపర్లు పోతాయి, డంపర్లతోపాటు కారూ పోతుంది. సంతకం పెట్టాను. కింద గీత కూడా గీశాను. చిన్నాయిన ఒక్క క్షణం నా మొహం చూసి, తర్వాత తన సంతకం పెట్టాడు.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. వెనక సీట్లో చిన్నమ్మ, ఆమె ఒడిలో బియ్యం మూట, ముందు నా పక్కన చిన్నాయిన. నిమ్మకాయలు చిట్లాయి. వాళ్ల ఇంటి నుంచి పెద్ద రోడ్డుదాకా సందు అంతా పల్లమే. నేను ఒక చెయ్యి కిటికీ మీద పెట్టుకొని దర్జాగా కారును పల్లంలోకి వదిలి, సగం దూరంలో బ్రేకు మీద కాలు పెట్టాను. కాలు పోయింది. పోయి పోయి కింద రేకుకు తగిలింది. కారు ఆగలేదు.

ఎదురుగా పెద్ద రోడ్డు మీద ఎర్రబస్సు అడ్డంగా వస్తోంది. మళ్లీ తొక్కాను, మళ్లీ తొక్కాను, చేతి బ్రేకు గుంజితే వెనక చక్రాలు కీచుమన్నాయి గాని పల్లం గెలిచింది. వెనక నుంచి చిన్నమ్మ, "నేను చెప్పలేదార!" అని ఒక్క కేక పెట్టింది. సందు చివర కుడిచేతి పక్కన ఖాళీ జాగాలో ఎవరో మిరపకాయలు ఆరబోశారు. మానుకోటలో ఆ రోజుల్లో ఎండ కనబడితే మిరపకాయలు కనబడేవి. స్టీరింగు అటు తిప్పాను.

ఎర్రటి మిరపకాయల్లో మోకాలి లోతు దిగి కారు ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ తర్వాత తుమ్ములు మొదలయ్యాయి. చిన్నమ్మ తుమ్మింది, చిన్నాయిన తుమ్మాడు, మమ్మల్ని చూడడానికి పరుగెత్తుకొచ్చిన వాళ్లు తుమ్మారు, బస్సులో కిటికీ పక్కన ఉన్నవాళ్లు తుమ్మారు. స్టేషనులో ఆగి ఉన్న ఇంజను కూడా తుమ్మిందని నేను చాలా ఏళ్లు చెబుతూ వచ్చాను, అది నిజం కాదు. కాయలు ఆరబోసిన ఆమె నడుం మీద చేతులు పెట్టుకొని వచ్చి నన్ను కింది నుంచి మీదిదాకా చూసింది.

"కారం పట్టియ్యాల్నంటె గిర్నికి పోతరు నాయినా. గిట్ల కార్లు ఎక్కియ్యరు."

ఆమె, ఆమెతోపాటు వచ్చిన మరో నలుగురే కారును వెనక్కి నెట్టి ఎత్తు ఎక్కించి మా వాకిట్లో పెట్టారు. దారి పొడుగునా తుమ్ముతూనే నెట్టారు.

చిన్నాయిన రుమాలుతో కళ్లు తుడుచుకొని, జాకీ పెట్టమని సైగ చేశాడు. చక్రం విప్పాక వంగి చాలాసేపు చూశాడు. ఆయనకు కార్ల సంగతి తెలియదు. కాని గొట్టంలో గాలి ఉంటే బ్రేకు పడదన్న సంగతి రైలువాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"నీళ్లల్ల బుడగ కిందికి పోతదారా, మీదికి పోతదా?"

"మీదికి పోతది."

"మరి గాలి పోయే మూత కిందికి పెట్టినవేంది?"

అప్పుడు చూశాను. గాలి వదిలే ఆ చిన్న మూత ఎప్పుడూ క్యాలిపర్‌కు పై భాగాన ఉండాలి. కుడిపక్కది ఎడమకు, ఎడమపక్కది కుడికి బిగిస్తే చక్కగా కూర్చుంటాయి గాని తలకిందులవుతాయి, మూత కిందికి వస్తుంది. గాలంతా పైన దాక్కొని ఉండిపోయింది, కింది నుంచి ఒట్టి నూనె మాత్రమే వచ్చింది. బుడగలు రాలేదని నేను సంబరపడింది అందుకే. ఇంతలో చిన్నమ్మ లోపలికి పోయి ఆ అట్టడబ్బాలు రెండూ తెచ్చి మా ముందు పెట్టింది. ఎడమ అని గుర్తు ఉన్న దాంట్లో గుండీలు, కుడి అని గుర్తు ఉన్న దాంట్లో హుక్కులు.

"గీటి మీద రాసున్నదట. నాకేమెరుక, నేను ఖాళీ జేసుకున్న."

ఆమెకు తెలియనక్కర లేదు. నాకు తెలియాలి. ఇక దాచి లాభం లేదని తల వంచుకొని చెప్పేశాను, చిన్నాయినా, నేను భూపాలపల్లిలో ఎన్నడూ పనిచేయలేదు, డంపరును దూరం నుంచి కూడా చూడలేదు అని. ఇక బస్సెక్కి జనగామ పోవడమే అనుకున్నాను.

"నాకెరుకే" అన్నాడు ఆయన. "డంపరు చక్రానికి నట్లెన్నిరా అంటె మూడు సార్లు మూడు తీర్ల చెప్పినవు."

"మరి కారు నా చేతికెందుకిచ్చినవు?"

"నేర్చుకుంటవనుకున్న. అయినా ఎరుకుండి సంతకం బెట్టిన సూడు, గది నా తప్పు. మీ చిన్నమ్మ మెత్తగున్నదన్నది నేను గూడ విన్న. సొంత కారని తొందరవడ్డ."

జేబులో నుంచి కాయితం తీసి రెండు సంతకాల మీదా గీత కొట్టాడు. చించెయ్యలేదు. నేను రెండు క్యాలిపర్లూ విప్పి, ఈసారి మూతలు పైకి వచ్చేట్టు గుండీల డబ్బాది ఎడమకు, హుక్కుల డబ్బాది కుడికి బిగించాను. చిన్నమ్మ మళ్లీ కూర్చుంది. ఈసారి సీసాలోకి బుడగలే బుడగలు. అవి ఆగేదాకా తొక్కింది, ఆగాక కూడా తొక్కింది, నేను చాలన్నా వినకుండా తొక్కి, కళ్లు తెరిచి, "ఇగ గట్టిగున్నది" అన్నది. నేనొక్కడినే కారును నాలుగు సార్లు పల్లంలోకి తీసుకుపోయి నాలుగు సార్లూ ఆపి చూపించాను. నాలుగోసారి మిరపకాయల ఆమె కూడా వచ్చి చూసి, పర్వాలేదన్నట్టు తల ఊపింది.

అదే కాయితం వెనక చిన్నాయిన కొత్తగా రాశాడు. డ్రైవరు, గార్డు, వాటికి పైన తొక్కి చూసినవారు అని ఇంకో చోటు. రేషను దుకాణంలో తప్ప ఎక్కడా సంతకం పెట్టని చిన్నమ్మ చెయ్యి తుడుచుకొని, నాలుక పంటి కింద పెట్టుకొని, అందరికంటే ముందు పెట్టింది. తర్వాత ఆయన డ్రైవరు సీటు తలుపు తెరిచి నిలబడ్డాడు.

"ఎక్కు. రాహుకాలం ఎట్లనన్న దాటిపాయె."

నర్సంపేట, ములుగు దాటి భూపాలపల్లి చేరేసరికి చెప్పిన సమయానికి మూడు గంటలు ఆలస్యం. అక్క వాకిట్లోనే నిలబడి ఉంది, అత్తగారి మొహం ముడుచుకొని ఉంది. బావ నవ్వుతూ నా భుజం మీద చెయ్యి వేసి, "ఏందిరా, ఇయ్యాల ఏం కథ చెప్తవో చెప్పు" అన్నాడు. నా కథల సంగతి తెలుసు కాబట్టి ఇంటిల్లిపాదీ పీటలు జరుపుకున్నారు. డంపర్ల దేశంలో, డంపర్ల మనిషి ముందు, నేను నోరు తెరిచాను. ఏం చెప్పాలో తోచలేదు. జీవితంలో అది మొదటిసారి.

వెనక నుంచి చిన్నాయిన గొంతు వినబడింది.

"మానుకోట గేటు కాడ గూడ్సు నిలవడ్డది. మూడు గంటలు."

అందరూ నమ్మారు. గార్డు మాట నమ్మక ఏం చేస్తారు? అత్తగారు కూడా అయ్యో పాపం అన్నది. నేను ఆయన వైపు చూశాను, ఆయన గోడ మీది గడియారం వైపు చూశాడు. కాసేపటికి అక్కను పీట మీద కూర్చోబెట్టి చిన్నమ్మ మూట విప్పి ఒడిలో బియ్యం పోసింది. అక్క తుమ్మింది. అత్తగారు తుమ్మింది. అక్షింతలు వేయడానికి వంగిన ముత్తయిదువలు వరసగా తుమ్మారు. చిన్నాయిన తలెత్తి తిరగని ఫ్యాను వైపు భక్తిగా చూస్తూ ఉండిపోయాడు.

అక్క నన్ను వంటింట్లోకి పిలిచి, "నిజం చెప్పు, ఆ గూడ్సుల ఏమున్నదిరా?" అన్నది.

"మిరపకాయలక్కా" అన్నాను.

ఆ కారును ఆరేళ్లు నడిపాను. ప్రతి ఉదయం బయలుదేరే ముందు చిన్నమ్మ తొక్కి చూసేది, చిన్నాయిన సంతకం పెట్టేవాడు, అప్పుడు గాని నేను కిరాయికి స్టేషను దగ్గరికి పోయేవాడిని కాదు. ఇప్పుడు ఇద్దరూ లేరు. ఇప్పటి కార్లలో బ్రేకు నూనె తగ్గితే ముందర ఎర్రదీపం వెలుగుతుంది, మనిషిని అడిగే పని లేదు. ఆ దీపం చాలా మంచిది, దానికి మొహమాటం కూడా లేదు. కాని నేనేమిటో తెలిసి కూడా నా సంతకం కింద తన సంతకం పెట్టడం దానికి చేతకాదు.

పోయిన నెల ఆ పని అయిపోయాక నేను గీతల కాయితం ఒకటి తీసి బానెట్టు మీద పరిచి, చిన్నాయిన రాసినట్టే రాశాను. తొక్కి చూసినవారు అన్నచోట మా ఇంటామెను సంతకం పెట్టమంటే, ముందు నువ్వొక్కనివే చౌరస్తాదాకా పోయి రా, వస్తె పెడ్త అన్నది. పోయి వచ్చాను. పెట్టింది. డ్రైవరు అన్నచోట నేను పెట్టాను, కింద గీత గీయలేదు. గార్డు అన్నచోటు మాత్రం ఖాళీగానే ఉంది. కాయితాన్ని అట్లాగే మడిచి కారులో పెట్టుకున్నాను. ఆ సంతకం ఏదని ఎవరైనా అడిగితే, మానుకోట గేటు కాడ గూడ్సు నిలవడ్డదని చెబుదామనుకుంటున్నాను.